నిప్పుల మీద వంట – మూడో పాఠం: ముప్పై మందికి ఒకే పొయ్యి

మొదటి పాఠంలో ఇటుకలతో పొయ్యి పేర్చాం. రెండో పాఠంలో నలుగురికి సరిపడా కోడి కాల్చాం. ఆ రెండూ ఒక్కసారైనా చేసి చూశాకే ఈ పాఠం మొదలుపెట్టండి, ఎందుకంటే ఇక్కడ ప్రతి లెక్కా మీ పొయ్యి వేడి మీకు తెలుసన్న నమ్మకంతో చెబుతున్నాను.

ఒక సంక్రాంతికి చుట్టాలంతా మా ఇంట్లో కలిశారు. డాబా మీద నిప్పులు రాజేసి అందరికీ బార్బిక్యూ పెడదామనుకున్నాను. చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి పది కిలోల బోన్‌లెస్ తెచ్చి, పచ్చివి పచ్చిగానే నిప్పుల మీద పరిచాను. పైన మాడాయి, లోపల ఉడకలేదు. రెండో వాయి దిగేసరికి పిల్లలు అన్నం తినకుండానే నిద్రపోయారు. తీరా అందరూ తినేసి కిందికి దిగాక చూస్తే పొయ్యిలో నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఆ వేడికీ డబ్బిచ్చాను కదా అనిపించింది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే: బొగ్గు రాజుకున్నప్పటి నుంచి బూడిదయ్యేదాకా దాని మీద ఏదో ఒకటి కాలుతూనే ఉండాలి.

సరుకుల లెక్క

కోడి ధర వారం వారం మారుతుంది కనుక రూపాయల్లో చెప్పను, కిలోల్లో చెబుతాను. ముప్పై మందిలో ఇరవై మంది పెద్దవాళ్లు, ఆరుగురు పిల్లలు, నలుగురు శాకాహారులు అనుకుందాం. కంకులు, దుంపలు, అన్నం పక్కన ఉంటే పెద్దవాళ్లకు తలా పావుకిలో, పిల్లలకు అందులో సగం చాలు. మొత్తం దాదాపు ఆరు కిలోలు. ఉత్త మాంసంతో కడుపు నింపాలంటే దీనికి దాదాపు రెట్టింపు కావాలి.

కొట్లో తోలు తీయనిదే అడగండి. స్కిన్‌లెస్ కన్నా కిలోకి తక్కువ పడుతుంది, పైగా నిప్పు మీద ఆ తోలే ముక్కను ఎండిపోకుండా కాపాడుతుంది. ముక్కలు పెద్దవిగా, ఒక్కోటి వంద గ్రాములుండేలా కొట్టించండి. కూరముక్క సైజైతే జాలీ సందుల్లోంచి జారిపోతుంది.

పదిహేను మొక్కజొన్న కంకులు, మూడు కిలోల చిలగడదుంపలు, రెండున్నర కిలోల బియ్యం, రెండు కిలోల వంకాయలు, ఉల్లిపాయలు, నిమ్మకాయలు. వంకాయలు ఆ రాత్రికి కావు, ఎందుకో చివర్లో చెబుతాను.

బొగ్గు కోసం సూపర్ మార్కెట్‌కి వెళ్లకండి. మీ వీధిలో ఇస్త్రీ చేసే ఆయన్ని అడిగితే బస్తా ఎక్కడ దొరుకుతుందో చెబుతాడు. సర్కారు తుమ్మ బొగ్గు మనకు బాగా పనికొస్తుంది. ఒక ముక్క తీసి ఇంకోదానికి తాటించండి, ఖంగుమంటే తడి లేని బొగ్గు. తడిసిన బొగ్గు తూకంలో మోసం, పొయ్యిలో పొగ. ఈ పద్ధతిలో నాకు నాలుగైదు కిలోలతో పని అయిపోతుంది.

జాలీ దగ్గర మాత్రం పొదుపు వద్దు. జింకు పూత వేసిన వల, రంగు వేసిన కిటికీ ఊచలు, పాత ఫ్రిజ్ అరలు నిప్పు మీద పెట్టకూడదు. వేడికి వాటి పూత పొగై తిండిలో కలుస్తుంది. పూత లేని ఇనుప జాలీ గానీ స్టీలుది గానీ అద్దెకైనా తెచ్చుకోండి.

కోడిని ముందే ఉడికించడం

ఈ పాఠానికి గుండెకాయ ఇదే. ముందురోజు రాత్రి కిలోకి పదిహేను గ్రాముల చొప్పున ఉప్పు, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, కాస్త పల్లీనూనె పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. పెరుగు అప్పుడే వేయొద్దు. రాత్రంతా పుల్లటి పెరుగులో నానితే ముక్క పిండిలా అవుతుంది. పొద్దున కలపండి.

సాయంత్రం పొయ్యి మీద నిప్పులు సిద్ధమవుతుండగా, కింద గ్యాస్ మీద వెడల్పాటి గిన్నెల్లో చుక్క నీళ్లు పోయకుండా, మూత పెట్టి సన్నసెగన మగ్గించండి. దాదాపు అరగంట పడుతుంది. ఎముక దగ్గర ఎరుపు లేకుండా పూర్తిగా ఉడకాలి. థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. సగం ఉడికించి పక్కన పెట్టి తర్వాత కాలుద్దాంలే అనుకోవద్దు, అలాంటి ముక్కలో క్రిములు పెరుగుతాయి.

ఇది అసలు బార్బిక్యూయేనా అని అడిగేవాళ్లుంటారు. నలుగురికైతే నేనూ పచ్చిముక్కే కాలుస్తాను. ముప్పై మందికి పచ్చిముక్క ఒక్కో వాయికి ముప్పావుగంట, మూడు వాయిలకు రెండు గంటలు దాటుతుంది. ఉడికిన ముక్క వాయికి పది నిమిషాలు. తోలు కరకరలాడుతుంది, పొగ వాసన పడుతుంది, అందరూ ఒకే పూట కూర్చుని తింటారు.

ముక్కలు తీశాక గిన్నెలో మిగిలే రసాన్ని పారబోయకండి. దాన్ని నీళ్ల కొలతలో కలిపి లెక్కేసుకుని రెండు కిలోల బియ్యంతో బగారా అన్నం వండండి. రసంలో ఉప్పుంటుంది, చూసి వేసుకోండి. మిగిలిన అరకిలో బియ్యం శాకాహారులకు వేరే గిన్నెలో.

నిప్పు వరుస

అయిదింటికి కొబ్బరిపీచు, కర్పూరంతో రాజేయండి. కిరోసిన్ వాసన చివరి ముక్కదాకా పోదు, వద్దు. మంట ఆరి, బొగ్గు మీద తెల్లటి నివురు కప్పడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఈ తొందరలోనే అందరూ తప్పు చేస్తారు. మంట కనిపిస్తున్నంతసేపూ ఏమీ పెట్టకండి. నిప్పులను ఒక పక్కకు ఎక్కువగా, ఇంకో పక్కకు పలచగా నెట్టండి.

నివురు పట్టగానే చిలగడదుంపలు పొయ్యి అంచున వేడి బూడిదలో పూడ్చండి. ముప్పావుగంట వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. శుభ్రమైన జాలీ మీద ముందు కంకులు, ఉల్లిపాయలు కాలాలి. శాకాహారుల వంతు మాంసం తగలకముందే అయిపోవాలి. అది వాళ్లకు మనమిచ్చే మర్యాద. కంకులు సగానికి విరిచి నిమ్మచెక్కతో ఉప్పుకారం రాసి ఇస్తే పిల్లలు ఆకలితో గిన్నెల చుట్టూ తిరగరు.

ఆరున్నరకు కోడి. పలచటి నిప్పు వైపు పరచండి, చివర్లో ఒక్క నిమిషం గట్టి నిప్పు వైపుకు జరపండి. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు చల్లకండి, బూడిద లేచి ముక్కల మీద పడుతుంది. పట్టకారుతో ముక్కను పక్కకు తీస్తే మంట అదే తగ్గుతుంది. ఏడున్నరకల్లా వడ్డన అయిపోతుంది.

అందరూ తింటుండగా, జాలీ తీసేసి ఆరిపోతున్న నిప్పుల మీదే వంకాయలు పెట్టండి. మీరు చేయి కడుక్కునేసరికి తొక్క నల్లబడి లోపల మెత్తబడతాయి. మర్నాడు, ఆ రాత్రికి ఆగిపోయిన చుట్టాలకు కాల్చిన వంకాయ పచ్చడి సిద్ధం.

ఇంటిపని

వచ్చే పాఠంలోపు పదిమందికి ఇదే వరుస చేసి చూడండి. బొగ్గు ఎన్ని కిలోలు పట్టింది, నివురు ఎన్ని నిమిషాలకు కప్పింది, ఒక వాయికి ఎన్ని ముక్కలు పట్టాయి అన్నది నోటుబుక్కులో రాసుకోండి. గాలి ఎటు వీస్తుందో చూసి పొయ్యి దిక్కు మార్చుకోండి, పొగ పక్కింటి కిటికీలోకి పోతుంటే ముందే వాళ్లకు ఒక మాట చెప్పండి. నాలుగో పాఠంలో మారేడుమిల్లి వైపు చేసే బొంగులో చికెన్. దానికి పచ్చి వెదురే కావాలి, ఎండినది నిప్పు అంటుకుంటుంది. ఎక్కడ దొరుకుతుందో ఇప్పటి నుంచే వాకబు చేసి పెట్టుకోండి.