ట్రైలర్ ఊగుతోందని మోటర్‌హోమ్ కొనేముందు

"ట్రైలర్ మాకు అచ్చిరాలేదండీ, అమ్మేసి మోటర్‌హోమ్ తీసుకుందామనుకుంటున్నాం" (ట్రైలర్ అంటే బండి వెనక తగిలించి లాగే ఇల్లు, మోటర్‌హోమ్ అంటే ఇంజిన్‌తో తనే నడిచే ఇల్లు) అనేవాళ్లను నేను అడిగేది ఒక్కటే: కాటా వేయించారా? సామానంతా సర్ది, నీళ్లు పట్టి, పిల్లల్ని ఎక్కించి, బయల్దేరే రోజు బండి ఎలా ఉంటుందో అలాగే వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లినవాళ్లు నాకు తగిలింది చాలా తక్కువ. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, బరువు సర్దుకోవడం మానేసి బండినే మార్చేస్తున్నారు. నిజంగా మార్చాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. అవి చివర్లో.

హిచ్ (బండికి ట్రైలర్‌ని కలిపే కొక్కెం) తగిలించడం, గొలుసులు, లైట్లు, బ్రేక్ కంట్రోలర్ (ట్రైలర్ బ్రేకుల్ని డ్రైవర్ సీటు నుంచి వేసే పరికరం) మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: స్పీడు పెరిగితే ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది, పక్కనుంచి లారీ పోతే ఇంకా ఎక్కువ

ముందు టైర్లలో గాలి. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉండగా చూడాలి. ట్రైలర్‌వే కాదు, లాగే బండి వెనక టైర్లవి కూడా. దీనికి ఐదు నిమిషాలు పట్టదు, అయినా ఎవరూ చూడరు.

తర్వాత టంగ్ వెయిట్, అంటే హిచ్ బంతి మీద ట్రైలర్ మోపే బరువు. ట్రావెల్ ట్రైలర్‌కి అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. యూరప్‌లో కారవాన్లనే ట్రైలర్లకు లెక్క ఇంకా తక్కువ, అక్కడ మాన్యువల్ చెప్పిందే చెల్లుతుంది. ఉండాల్సినదానికంటే తగ్గిందంటే వెనక బరువు ఎక్కువైనట్టు, ఊగుడు మొదలైనట్టు.

"అది చూశాం, సరిగ్గానే ఉంది" అంటారు. నేనూ అలాగే అన్నాను. నన్ను ముంచింది మంచినీళ్ల ట్యాంకు.

నా పాత ట్రైలర్ 2,500 కిలోలు, టంగ్ వెయిట్ 280. అంటే 11 శాతం పైనే. తూచిన రోజున అంతా బాగుంది. ట్రిప్పుకి బయల్దేరితే మాత్రం ఒకటే ఊగుడు, స్టీరింగ్ పట్టుకున్న చేతులకి చెమటలు. గాలి ఎక్కువగా ఉందనుకున్నాను. ఊగుడుని అణిచే కడ్డీ, స్వే కంట్రోల్ బార్ పెట్టించాను. టైర్లు మార్చాను. మూడో ట్రిప్పులో కానీ ఒక సంగతి తట్టలేదు: వెళ్లేటప్పుడు ఊగుతోంది, వచ్చేటప్పుడు ఊగడం లేదు. రోడ్డు అదే, బండి అదే. తేడా అల్లా నీళ్లు. వెళ్లేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంటుంది, వచ్చేసరికి ఖాళీ.

కిందకి దూరి చూస్తే ట్యాంకు చక్రాలకు వెనక ఉంది. 150 లీటర్లంటే 150 కిలోలు. ట్యాంకు మధ్యభాగం యాక్సిల్‌కి మీటరున్నర వెనక, హిచ్ బంతి 5 మీటర్లు ముందు. పిల్లలాడే తూగుడు బల్ల లెక్కే ఇది: 150ని 1.5తో గుణించి 5తో భాగిస్తే 45. హిచ్ మీద అన్ని కిలోలు తేలిపోయినట్టు. దానికి తోడు వెనక బంపర్ మీద పిల్లల సైకిళ్లు, స్టాండుతో కలిపి 40 కిలోలు, యాక్సిల్‌కి మూడున్నర మీటర్ల వెనక. అక్కడ ఇంకో 28. చివరికి మొత్తం బరువు 2,690కి పెరిగింది, టంగ్ వెయిట్ 207కి పడింది. 8 శాతం కూడా లేదు. ఖాళీ ట్రైలర్ తూచి నేను నిశ్చింతగా కూర్చున్నాను!

పరిష్కారానికి పైసా ఖర్చు లేదు. ట్యాంకు యాక్సిల్‌కి వెనక ఉంటే దారిలో అవసరమైనన్ని నీళ్లే ఉంచుకుని, క్యాంపుకి చేరాక లేదా దగ్గర్లో నింపుకోండి. సైకిళ్లు వెనకనుంచి తీసేయండి. ట్యాంకు ముందువైపు ఉన్న ట్రైలర్లలో కథ తలకిందులు: నిండితే హిచ్ మీద బరువు పెరుగుతుంది. వాడిన నీళ్ల ట్యాంకులు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి, అవి చక్రాలకు వెనక ఉంటే, ఖాళీ చేయకుండా తిరుగు ప్రయాణం కట్టేవాళ్లకు ఊగుడు వచ్చేటప్పుడే మొదలవుతుంది.

కాటా ఎలా వేయించాలంటే: మొదట బండి, ట్రైలర్ రెండూ కలిపి. తర్వాత తగిలించే ఉంచి, లాగే బండి చక్రాలు మాత్రమే కాటా మీద. చివరగా ట్రైలర్ విప్పేసి, అదే మనుషులతో అదే సామానుతో బండి ఒక్కటే. రెండోదాంట్లోంచి మూడోది తీసేస్తే టంగ్ వెయిట్, మొదటిదాంట్లోంచి మూడోది తీసేస్తే ట్రైలర్ బరువు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (హిచ్ మీది బరువులో కొంత బండి ముందు చక్రాలకు పంచేది) ఉంటే రెండో తూకానికి దాని కడ్డీలు వదులు చేయాలి, లేకపోతే లెక్క తక్కువ చూపిస్తుంది.

దారిలో ఊగుడు మొదలైతే బండి బ్రేకు తొక్కొద్దు, స్పీడు పెంచొద్దు, స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూడొద్దు. యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీసి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, కంట్రోలర్‌తో ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేయండి. స్వే బార్ ఊగుడుని అణిచిపెడుతుంది, బరువుని సర్దదు.

సమస్య: బండి వెనక కుంగింది, హెడ్‌లైట్లు ఆకాశం చూస్తున్నాయి, స్టీరింగ్ తేలిపోతోంది

లాగే సామర్థ్యం చూసి కొన్నారు, పేలోడ్, అంటే బండి తన మీద మోయగల బరువు, చూడలేదు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. అక్కడ 650 కిలోలు అని ఉందనుకుందాం. టంగ్ వెయిట్ 280, హిచ్ సామాను 40, నలుగురు మనుషులు 270. ఇక మిగిలింది 60. దాంట్లోనే ఐస్‌బాక్సు, జనరేటర్, కుక్క. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బండిని మట్టంగా నిలబెడుతుంది కానీ పేలోడ్ పరిమితిని పెంచదు. సామాను తగ్గించాలి, లేదా చిన్న ట్రైలర్.

యాక్సిల్ వంగడం, సస్పెన్షన్ బుష్‌లు అరగడం లాంటివి ఉంటాయి, అరుదు. టైర్లు ఒక పక్కే అరుగుతుంటే మెకానిక్‌కి చూపించండి, లేకపోతే వదిలేయండి.

ఇవన్నీ చూసినా ట్రిప్పు సుఖంగా లేకపోతే

అప్పుడు మోటర్‌హోమ్ గురించి ఆలోచించొచ్చు. రోజుకో చోట దిగేవాళ్లకు ప్రతి సాయంత్రం ట్రైలర్ విప్పి మట్టం చేయడం నరకం, వాళ్లకు మోటర్‌హోమే నయం. ఒకే చోట వారం ఉండేవాళ్లకు ట్రైలరే మేలు, ఎందుకంటే మోటర్‌హోమ్‌లో పాలు తేవాలన్నా మొత్తం ఇల్లు సర్దుకుని కదలాలి, లేదా వెనక ఇంకో కారు కట్టుకుని తిరగాలి.

పిల్లలు వెనక పడుకుని వస్తారని మోటర్‌హోమ్ కొనేవాళ్లున్నారు. నడిచే బండిలో వాళ్లు సీట్లో బెల్టు పెట్టుకునే కూర్చోవాలి, పక్కకు తిరిగి ఉన్న సీట్లలో చైల్డ్ సీటు బిగించకూడదు. చూడటానికి వెళ్లేటప్పుడు మీ చైల్డ్ సీటు వెంట తీసుకెళ్లి బిగించి చూడండి. లోపలి స్టిక్కర్ మీద మనుషులకీ సామానుకీ కలిపి ఎన్ని కిలోలు వదిలారో చదవండి, ఆ అంకె చూసి వెనక్కొచ్చేసిన కుటుంబాలు నాకు తెలుసు.