డూమ్‌లో మోడ్ వేస్తే పాత లెవెలే వస్తోందా?

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, కొత్త లెవెళ్ళు దింపి జీజెడ్‌డూమ్‌లో వేశా. ఎర్రర్ ఏం రాలేదు. కానీ పాత లెవెలే మొదలవుతోంది." ఎర్రర్ వచ్చుంటే వాడే చూసుకునేవాడు.

డూమ్ అనే తుపాకీల ఆట 1993లో వచ్చింది, 1997లో సోర్స్ కోడ్ బయటపెట్టారు. ఆ ఆటని నడిపే ఇంజన్ అనే ప్రోగ్రాముల్లో జీజెడ్‌డూమ్ ఒకటి, దాని మూలం ఆ కోడే. అయితే ఇంజన్ ఒక్కటే దింపుకుంటే ఆట ఉండదు. బొమ్మలు, శబ్దాలు, లెవెళ్ళు అన్నీ వ్యాడ్ ఫైళ్ళలో ఉంటాయి. వాటిలో ఐవ్యాడ్ అంటే పూర్తి ఆట, పీవ్యాడ్ అంటే దాని మీద వేసేది, అంటే కొత్త లెవెళ్ళు, ఆయుధాల్లాంటి మోడ్. అనుమానం ఉంటే ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి గీతల్లాంటి గోల మొదలవకముందే, మొట్టమొదటి నాలుగు అక్షరాల్లో ఏ రకమో రాసి ఉంటుంది. చూసి సేవ్ చేయకుండా మూసేయండి!

అసలు ఆట కొనకపోయినా ఫ్రీడూమ్ ఉచితంగా దొరుకుతుంది. మావాడి తప్పు అక్కడే. ఫ్రీడూమ్1 మొదటి డూమ్‌కి బదులు, ఫ్రీడూమ్2 డూమ్ 2కి బదులు. వాడు దింపింది డూమ్ 2 లెవెళ్ళు, వేసింది ఫ్రీడూమ్1 మీద. రెండింట్లో లెవెళ్ళ పేర్లు వేరు కాబట్టి కొత్తవాటి జోలికే పోలేదు. జిప్‌లో వచ్చే టెక్స్ట్ ఫైల్లో ఏ ఆటకో రాసే ఉంటుంది, ఎవడు చదువుతాడు?

ఫైళ్ళన్నీ పట్టుకుని ఇంజన్ ఐకాన్ మీదకి లాగి వదిలినా పనవుతుంది, కానీ వరుస మన చేతిలో ఉండదు. నేనైతే షార్ట్‌కట్ చేసుకుంటా. దాని ప్రాపర్టీస్‌లో టార్గెట్ పెట్టె చివర స్పేస్ ఇచ్చి, ఇంగ్లీషులో హైఫన్, ఐవ్యాడ్ (-iwad) అని కొట్టి ఫ్రీడూమ్2 ఫైలు పేరు. తర్వాత హైఫన్, ఫైల్ (-file) అని కొట్టి ముందు లెవెళ్ళ ఫైలు, చివర ఆయుధాల మోడ్. పేరులో ఖాళీ ఉంటే కోట్స్ మధ్య పెట్టండి. గోడ మీద సినిమా పోస్టర్ల లెక్కే: ఒకే తుపాకీని రెండు ఫైళ్ళు మారిస్తే చివర అంటించిందే కనిపిస్తుంది. కొన్ని మోడ్‌లు పీకే3 అనే రకం ఫైళ్ళుగా వస్తాయి, అవి లోపల జిప్‌లే అయినా విప్పొద్దు, అలాగే ఇచ్చేయండి.

ఎక్కిందో లేదో చూడాలంటే ఆటలో 1కి ఎడమ పక్కనున్న కీ నొక్కండి, కన్సోల్ అనే రాతల తెర దిగుతుంది. పేజ్‌అప్‌తో పైకి వెళ్తే ఎక్కిన ప్రతి ఫైలు పేరూ ఉంటుంది.

సేవ్ చేసిన ఆటని మళ్ళీ తెరవాలంటే అప్పటి ఫైళ్ళన్నీ ఉండాలి, ఐవ్యాడ్ గానీ లెవెళ్ళ ఫైలు గానీ అదే పేరుతో లేకపోతే ఫలానావి కావాలంటూ ఆగిపోతుంది. మావాడు ఆ రాత్రే లెవెళ్ళ ఫైలు పేరు మార్చి, మళ్ళీ ఫోన్ చేశాడు.