నారాలో ఒంటరిగా ఒక రోజు: కసుగా దేవాలయం, వెనుక ఉన్న అడవి, పాత వీధులు ఎలా చూడాలి?

జపాన్ వెళ్లే మనవాళ్లలో చాలామంది క్యోటోలో మకాం పెట్టి, అక్కడి నుంచి ఒక పూట నారాకు వెళ్లి, జింకలకు బిస్కెట్లు తినిపించి, మహాబుద్ధుడి ఎదుట ఫొటో దిగి, మధ్యాహ్నం రైలుకే తిరిగి వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ పూటలో చూడకుండా మిగిలిపోయేదే నారాలో అసలు సంగతి. 710 నుంచి 784 వరకు జపాన్‌కు రాజధానిగా ఉన్న ఈ ఊరికి తూర్పు అంచున కసుగా తైషా అనే షింతో (జపాన్ వారి సొంత సంప్రదాయ మతం) దేవాలయం ఉంది. ఫుజివారా వంశీకులు 768లో దీన్ని స్థాపించారని చెబుతారు. కషిమా నుంచి తకెమికజుచి అనే దేవుడు తెల్ల జింకనెక్కి వచ్చి గుడి వెనుక ఉన్న మికసా కొండ మీద దిగాడని స్థలపురాణం. ఆ కొండ మీదికి నేటికీ యాత్రికులను వెళ్లనివ్వరు. దాన్ని ఆనుకుని ఉన్న కసుగా అడవిలో వేటనూ చెట్లు నరకడాన్నీ 841లోనే నిషేధించారు. కాబట్టి గుడి చూసి అడవిలో అడుగు పెట్టకుండా రావడమంటే, గాలిగోపురం చూసి గర్భగుడి దాకా వెళ్లకుండా తిరిగి వచ్చినట్టే. ఉదయం గుడి, మధ్యాహ్నం వరకు అడవి, సాయంత్రం పాత వీధులు అనే క్రమంలో, ఎవరి తోడూ లేకుండా ఈ రోజును ఎలా గడపాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందురోజే చేసుకోవలసినవి

ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం వరకు గుడిలో ఊదారంగు ఫుజి పూల గుత్తులు వేలాడుతుంటాయి. నవంబరులో ఆకులు ఎర్రబడతాయి. ఈ రెండూ మంచి కాలాలే. జూన్, జూలైలలో వానలు కురిసి కాలిబాట రాళ్లు జారుడుగా ఉంటాయి, జలగలు కూడా పట్టవచ్చు. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటలకే చీకటి పడుతుంది కనుక అడవిలో తిరిగే సమయాన్ని ఆ మేరకు తగ్గించుకోవాలి.

బూట్లు నేలను బాగా పట్టేవిగా, అదే సమయంలో సులువుగా విప్పి తొడుక్కునేవిగా ఉండాలి, ఎందుకంటే సాయంత్రం పాత ఇళ్లలోకి వెళ్లేటప్పుడు వాటిని గుమ్మం దగ్గరే విడవాలి. చిరిగిన మేజోళ్ల సంగతి అందరికీ తెలిసేది అక్కడే. నాణేలు, ముఖ్యంగా ఐదు యెన్ల నాణేలు, కొన్ని విడిగా దాచుకోండి. జపనీస్‌లో ఐదు యెన్లను ‘గో-ఎన్’ అంటారు. బంధం, అనుబంధం అనే అర్థమిచ్చే మాట కూడా అదే ధ్వనితో పలుకుతుంది కనుక దేవుడి హుండీలో ఆ నాణెం వేయడం వారి ఆనవాయితీ. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనిపించవు. మీ చెత్త మీరే మోసుకురావడానికి ఒక సంచి పెట్టుకోవాలి. అడవి మ్యాపును ఫోనులో దించుకుని, ఏ దారిన వెళ్తున్నదీ, ఎన్ని గంటలకు తిరిగి వచ్చేదీ బస చేసిన చోట ఒక ముక్క చెప్పి బయలుదేరాలి. జపాన్‌లో ఒంటరి ప్రయాణానికి భయపడనక్కరలేదు, కానీ కాలు మెలికపడితే దేశం ఏదైనా ఒకటే.

నారా చేరుకోవడం

క్యోటో నుంచి కింతెత్సు రైలు ఎక్కండి. ప్రత్యేక ఎక్స్‌ప్రెస్‌కు అదనపు టికెట్టు కొంటే సుమారు 35 నిమిషాల్లో చేరుస్తుంది. అదనపు రుసుము లేని ఎక్స్‌ప్రెస్‌కు మరో పావుగంట పడుతుంది. ఇకోకా వంటి ముందుగా డబ్బు నింపుకునే ప్రయాణ కార్డు ఉంటే గేటు దగ్గర తాకిస్తే చాలు. జపాన్ రైల్ పాసు కింతెత్సు రైళ్లలో చెల్లదు. ఆ పాసు ఉన్నవారు జేఆర్ రైలులో రావచ్చు గానీ, గుడికి దగ్గరైనది కింతెత్సు నారా స్టేషనే. ఎనిమిది గంటలలోపు అక్కడ దిగేలా చూసుకోండి. పెద్ద సంచిని నాణేల లాకరులో పెట్టి, స్టేషను పక్కనున్న దుకాణంలో రెండు ఒనిగిరి అన్నపు ముద్దలు, ఒక నీళ్ల సీసా కొనుక్కోండి. శాకాహారులైతే ఉమెబొషి, అంటే ఉప్పులో ఊరిన పుల్లని పండు పెట్టినది, తీసుకుంటే మేలు.

దారిలో జింకలు

పార్కులో వెయ్యికి పైగా జింకలు ఉంటాయి. దేవుడు జింకనెక్కి వచ్చాడన్న నమ్మకం వల్ల వాటిని తరతరాలుగా పవిత్రంగా చూసుకుంటున్నారు. అవి పెంపుడు జంతువులు కావు, అడవి జింకలే. వాటికి పెట్టవలసింది అక్కడి బల్లల మీద అమ్మే షికా-సెన్‌బెయి ఒక్కటే. తవుడు, గోధుమపిండి కలిపి చేసే ఆ పలుచని అప్పచ్చుల కట్టను కొన్న మరుక్షణమే చుట్టూ మూక చేరుతుంది. కొన్ని జింకలు తల వంచి నమస్కారం పెడతాయి. అది చూసి మురిసిపోయి ఊరిస్తూ నిలబడితే చొక్కా అంచు పట్టి లాగుతాయి. వెంటవెంటనే పెట్టేసి, ఖాళీ అయ్యాక రెండు అరచేతులూ తెరిచి చూపించండి. అర్థం చేసుకుని వెళ్లిపోతాయి. శరదృతువులో మగ జింకలకు, వేసవి మొదట్లో పిల్లల తల్లులకు దూరంగా ఉండాలి. చేతిలో కాగితం ఉంచుకోవద్దు: జేబులోంచి బయటికి తొంగిచూసిన నా మ్యాపులో సగం ఇలాగే ఒక జింక కడుపులోకి పోయింది.

గుడిలోకి ప్రవేశించడం

మొదటి తోరీ, అంటే ఎర్రటి కొయ్య ద్వారం, దాటిన దగ్గర నుంచి గుడి వరకు కిలోమీటరుకు పైగా మట్టిదారి. బస్సు ఉన్నా ఎక్కవద్దని నా సలహా. ద్వారం ముందు ఒకసారి ఆగి కొద్దిగా తల వంచి, దారి మధ్య నుంచి కాకుండా ఒక పక్కగా నడవాలి. నడిమధ్య భాగం దేవుడు నడిచేదని వారి భావన. రెండు పక్కలా నాచు పట్టిన రాతి దీపస్తంభాలు వరుస కట్టి ఉంటాయి. రాతివి సుమారు రెండు వేలు, లోపలి వసారాల్లో వేలాడే కంచువి సుమారు వెయ్యి. అన్నీ శతాబ్దాలుగా భక్తులు సమర్పించినవే. వాటిలో ‘కసుగా దైమ్యోజిన్’ అని చెక్కినవి అరుదు, అలాంటి మూడింటిని ఒక్క రాత్రిలో కనిపెట్టినవారు కోటీశ్వరులవుతారని అక్కడివారంటారు. ఏటా ఫిబ్రవరిలో, చలికాలం ముగింపుకు గుర్తుగా జరిపే సెత్సుబున్ పండుగ నాడు, ఆగస్టు 14, 15 తేదీల్లో మూడు వేలూ వెలిగిస్తారు.

రెండో తోరీ దగ్గర, జింక విగ్రహం నోటి దగ్గరి నుంచి నీరు జారే తొట్టి ఉంటుంది. ఇక్కడ చేతులు కడుక్కోవడానికి ఒక వరుస ఉంది. గరిటెను కుడిచేత పట్టుకుని నీరు తీసి ఎడమచేయి కడగాలి. చేయి మార్చి కుడిచేయి కడగాలి. మళ్లీ కుడిచేతికి మార్చి ఎడమ అరచేతిలో కాసిని నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. ఎడమచేయి మరోసారి కడిగి, చివరగా గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీరు కాడ మీదుగా జారి దాన్నీ శుభ్రం చేస్తుంది. ఇదంతా ఒక్క గరిటెడు నీళ్లతో కావాలి, ఒక్క చుక్కా తిరిగి తొట్టిలో పడకూడదు. మొదటిసారి నాకు కాడ దాకా వచ్చేసరికి నీళ్లు మిగలలేదు. గరిటెలు తీసివేసిన చోట్ల పారే నీటి కింద చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

గుడి ఆవరణలో చెప్పులు విడవనక్కరలేదు. మనకు అలవాటు కొద్దీ చేయి బూట్ల లేసుల మీదికి పోతుంది గానీ, భవనం లోపలి కొయ్యనేల మీద అడుగు పెట్టేటప్పుడే వాటిని విప్పాలి. దేవుడి ఎదుట నిలబడి హుండీలో నాణేన్ని విసరకుండా నెమ్మదిగా జారవిడిచి, నడుము వంచి రెండుసార్లు నమస్కరించి, ఛాతీ ఎత్తున రెండుసార్లు చప్పట్లు కొట్టి, చేతులు జోడించి మనసులో మాట చెప్పుకుని, చివరగా మరొకసారి వంగి నమస్కరించాలి. ఈ చప్పట్లు షింతో గుళ్లలోనే. బౌద్ధాలయంలో కొట్టకూడదు, ఊరక చేతులు జోడించాలి. తోరీ ఉంటే షింతో గుడి అని చాలావరకు గుర్తుపట్టవచ్చు.

తొమ్మిది గంటల నుంచి రుసుము చెల్లించి లోపలి ప్రాకారంలోకి వెళ్లవచ్చు. ఫుజినామి-నో-యా అనే గదిని తప్పక చూడండి: కిటికీలు మూసిన చీకటిలో వేలాడే కంచు దీపాలు మాత్రమే వెలుగుతుంటాయి, కన్ను అలవాటుపడే దాకా అడుగు వేయలేరు. బయటి ఆవరణలో ఒక మహావృక్షమైన సుగి (జపాన్ దేవదారు) చెట్టు, దాని మొదలు నుంచే ఏటవాలుగా పెరిగిన మరో చెట్టు ఉన్నాయి. ఆ రెండో చెట్టు పక్క భవనంలోకి చొచ్చుకుపోతుంటే చెట్టును కొట్టకుండా పైకప్పునే కోసి దారి ఇచ్చారు. ఇరవై ఏళ్లకొకసారి గుడి భవనాలను బాగుచేసి దేవుణ్ణి తిరిగి ప్రవేశపెట్టే ఆచారం ఇక్కడ ఉంది. అరవయ్యోది 2016లో ముగిసింది. ఇన్నిసార్లు కప్పు మార్చినవారు ప్రతిసారీ చెట్టుకు ఖాళీ వదిలారన్నమాట. ఫొటోలు తీయవద్దన్న బోర్డులను గమనించుకుంటూ వెళ్లండి.

అడవిలోకి

గుడికి దక్షిణాన వకమియా ఆలయం ఉంది. ఆ చుట్టుపక్కల నుంచి తకబతకె పేట వైపు ‘గుసగుసల బాట’ అని పేరున్న చిన్న దారి దిగుతుంది. దారికి రెండు పక్కలా వంకర కొమ్మలతో పెరిగినవి అసెబి పొదలు. ఆ పేరును రాసే అక్షరాలకు ‘గుర్రానికి మత్తెక్కించే చెట్టు’ అని అర్థం. ఆకులు విషం కావడం వల్ల జింకలు తినవు, తినవు కనుకే ఇంత గుబురుగా మిగిలాయి. మిగతా చెట్లను చూస్తే ఒక ఎత్తు వరకు కత్తిరించినట్టు ఆకులు ఉండవు. జింక మెడ చాపితే అందే ఎత్తు అది.

తకబతకె నుంచి తూర్పుగా తకిసకా-నో-మిచి అనే పాత రాళ్లబాట మొదలవుతుంది. కత్తిసాముకు పేరుపొందిన యగ్యూ ఊరికి వెళ్లే దారి ఇది. జపాన్ చరిత్రలో ‘ఎదో’ అని పిలిచే యుగంలో (1603–1868) రాళ్లు పరిచారు. పక్కనే వాగు పారుతుంటుంది. పైన సతతహరితమైన ఓక్ చెట్లు, సుగి చెట్లు కమ్ముకుని మధ్యాహ్నం వేళ కూడా వెలుతురు పచ్చగా, పలుచగా దిగుతుంది. తొందరపడకుండా నడుస్తూ కొండరాళ్ల మీద చెక్కిన బుద్ధమూర్తులను వెతకాలి. ‘సాయంకాలపు కన్నన్’ దారికి ఎగువన ఉంటుంది కనుక తల ఎత్తకపోతే దాటిపోతాం. మరికొంత దూరంలో ‘ఉదయపు కన్నన్’ ఉంది; దాని మీద 1265 నాటి శాసనం ఉంది. పేరుకు కన్నన్ అయినా, అంటే అవలోకితేశ్వరుడు అయినా, రెండూ నిజానికి మైత్రేయ మూర్తులేనని పండితులు తేల్చారు. పొద్దు ఏ వేళ తాకుతుందో దాన్నిబట్టి జనం పెట్టుకున్న పేర్లే నిలిచాయి. ఇంకా పైకి, దారులు కలిసే చోట మెడ దగ్గర తెగిన గీత ఉన్న జిజో, అంటే బాటసారులను కాచే బోధిసత్త్వుడి, విగ్రహం కనిపిస్తుంది. ఒక ఖడ్గవీరుడు కత్తి పదును పరీక్షించడానికి నరికాడని కథ.

అక్కడ కూర్చుని అన్నపు ముద్దలు తిని, వచ్చిన దారినే తిరిగి దిగండి. మొత్తం మూడు గంటలు పట్టవచ్చు. ముందుకు దారులున్నాయి గానీ ఒంటరిగా మొదటిసారి వచ్చినవారికి ఇదే సరైన మలుపు. చలికాలంలో రెండు దాటాక పైకి ఎక్కనే వద్దు. బాట వదిలి లోపలికి వెళ్లకూడదు, ఆకు కూడా కోయకూడదు. మధ్యలో కంచెలు కనిపిస్తే తెరవకండి. జింకలు మొలకలన్నీ మేసేయడం వల్ల కొత్త చెట్లు రావడం లేదు, వాటిని కాపాడటానికి వేసిన కంచెలవి. దేవుడి జింకలు, దేవుడి అడవి రెండింటి మధ్యా నారా పడుతున్న ఇబ్బంది ఆ కంచెల దగ్గరే తెలుస్తుంది.

భోజనం, పాత వీధులు

దిగివచ్చాక నారామచి అనే పాత వర్తకుల పేటకు నడవండి. ఆకలిగా ఉంటే చా-గయు అడగండి: వేయించిన తేయాకు కాచిన నీళ్లలో బియ్యం పలుచగా ఉడికించే గంజి, పక్కన ఊరగాయ. గంజి తాగి పెరిగినవారికి పరాయిదనిపించదు. ఈ ఊళ్లో పేరున్న కకినోహా-జుషి ఆకులో చుట్టి ఉన్నా లోపల చేప ఉంటుంది. ఇక పులుసుల్లో, కూరల్లో కనిపించకుండా కలిసేది దాషి, అంటే చాలాసార్లు ఎండుచేప రసం. ‘నికు మో సకనా మో తబెమాసెన్’ అంటే మాంసమూ చేపా తిననని చెప్పినట్టు. ఆ తరువాత దాషి సంగతి విడిగా అడగాలి.

నారామచి ఇళ్లు వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటాయి. చూరుల కింద ఎర్రగుడ్డతో కుట్టిన చిన్న బొమ్మలు దండగా వేలాడుతుంటాయి. ఇంట్లోవారికి రావలసిన కీడును తమ మీద వేసుకునే కోతులవి. మన గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ చేసే పనే. పక్కనున్న గంగో-జి ఆలయం పైకప్పులో కొన్ని పెంకులు ఆరో శతాబ్దం చివర అసుకాలో కట్టిన ఆలయం నుంచి తెచ్చినవి. మహాబుద్ధుణ్ణి చూడకుండా ఎలా అనేవారు ఆ విగ్రహమున్న తోదాయ్-జి ఆలయానికి మరో రోజు కేటాయించుకోండి. 752లో ఆ విగ్రహానికి కన్నులు దిద్దినవాడు మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు, అది హడావిడిగా చూసి రావలసిన చోటు కాదు.

చివరగా సిరా. జపాన్‌లో రాతకు వాడే సిరాకడ్డీలలో అత్యధిక భాగం నారాలోనే తయారవుతాయి. 1577లో మొదలైన కోబైఎన్ వంటి కార్ఖానాల్లో, మట్టి ప్రమిదల్లో నూనె వత్తులు వెలిగించి, పైన మూకుడు బోర్లించి, దానికి పట్టిన మసిని పోగుచేస్తారు. మన ఇళ్లలో కాటుక పట్టిన పద్ధతి దాదాపు ఇదే. ఆ మసికి జంతువుల జిగురు కలిపి పిండిలా పిసుకుతారు. వేడికి జిగురు చెడిపోతుంది కనుక ఈ పని చలినెలల్లోనే సాగుతుంది. ఆ కాలంలో ముందుగా బుక్ చేసుకున్న సందర్శకులకు గోరువెచ్చని నల్లటి ముద్దను చేతిలో పెడతారు. గట్టిగా పిడికిలి బిగించి తెరిస్తే వేళ్ల గుర్తులు, అరచేతి గీతలు దాని మీద అచ్చుపడతాయి. ఆశ్చర్యంగా చేతికి మసి అంటదు. దాన్ని పెట్టెలో పెట్టి ఇస్తారు. ఇంటికి వచ్చాక కొన్ని నెలల పాటు నీడలో, గాలి వీచని చోట నెమ్మదిగా ఆరనివ్వాలి. త్వరగా ఆరుతుందని ఎండలో పెడితే పగుళ్లు తీస్తుంది.