పిల్లల సైకలాజికల్ అసెస్‌మెంట్: వెళ్లే ముందు, రిపోర్టు చేతికొచ్చాక

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: మీకు అసలు ఏం తెలియాలి? ‘మావాడి ఐక్యూ ఎంతో చూడండి’ అంటే చేతికొచ్చేది ఒక అంకె. ‘నోటితో గడగడా చెబుతాడు, రాయమంటే అరపేజీ దాటడు, ఎందుకని?’ అని అడిగితే సైకాలజిస్టు దానికి తగిన టెస్టులు ఎంచుకుంటారు.

చూపు, వినికిడి పరీక్షలు ముందే చేయించండి. బోర్డు కనబడక దిక్కులు చూసే పాప కూడా బయటివాళ్లకి ధ్యాస లేనిదానిలాగే కనిపిస్తుంది.

తీసుకెళ్లాల్సినవి: రెండుమూడేళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులు, పాత వైద్య పత్రాలు, రోజువారీ నోట్సులు. నీటుగా తిరగరాసిన నోట్సు వద్దు, కొట్టివేతలతో ఉన్నదే కావాలి. కాన్పు ఎలా జరిగింది, నడక, మాట ఎప్పుడొచ్చాయి, ఫిట్స్ గానీ తలకు దెబ్బ గానీ ఉన్నాయా, నిద్రలో గురక పెడతారా అన్నవి ఇంట్లో అందర్నీ అడిగి రాసుకోండి.

టీచర్‌కి ఇవ్వమని ఫారం ఇస్తే అశ్రద్ధ చేయకండి. డీఎస్ఎం-5 (మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు, సైకాలజిస్టులు వాడే ప్రామాణిక పుస్తకం) ప్రకారం ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు ఉండే సమస్య) అనాలంటే లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, వాటిలో కొన్ని 12 ఏళ్లు నిండకముందే కనబడి ఉండాలి, అదీ ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా. టీచర్ మాట లేకపోతే సగం చిత్రమే ఉన్నట్టు.

పిల్లలకి ఏం చెప్పాలి? ‘పజిల్స్, బొమ్మలు, ప్రశ్నలు ఉంటాయి. కొన్ని తేలిక, కొన్ని నీకంటే పెద్దవాళ్లకీ కష్టమే. తెలియకపోతే తెలియదని చెప్పెయ్.’ ఇంతే చాలు. ‘అన్నీ ఆటలే’ అని మాత్రం అనకండి. పది నిమిషాలకే అబద్ధమని తేలితే ఆ తర్వాత పిల్లలు మనసుపెట్టి చేయరు. నెట్‌లో ప్రశ్నలు వెతికి ప్రాక్టీసు చేయించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. మొదటిసారి చూస్తున్నారన్న లెక్కమీదే ఆ స్కోర్లు కట్టారు. అలవాటైన ప్రశ్నలతో వచ్చిన మంచి స్కోరు, నిజంగా అవసరమైన సాయాన్ని అడ్డుకుంటుంది. అదే టెస్టు కొద్ది నెలల్లోనే మళ్లీ పెట్టినా ఇదే చిక్కు.

ఆ రోజు కంటినిండా నిద్ర, కడుపునిండా తిండి, కళ్లజోడు ఉండాలి. జ్వరముంటే వాయిదా వేయండి. ఏడీహెచ్‌డీ మందు వాడుతుంటే ఆ రోజు వేయాలా వద్దా అన్నది ముందే అడగండి, సొంతంగా ఆపొద్దు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయితే ఆ సంగతీ ముందే చెప్పండి. లేకపోతే భాష రాకపోవడం తెలివి లేకపోవడంగా లెక్కకెక్కే ప్రమాదముంది.

గదిలో ఒక దృశ్యం: ఎరుపు, తెలుపు ముఖాలున్న ఘనాలతో బొమ్మలో ఉన్నట్టు పేర్చాలి, పక్కన స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది. ఇద్దరు పిల్లలకి ఒకే స్కోరు రావచ్చు. ఒకరు కాసేపు చూసి నింపాదిగా సరిగ్గా పేరుస్తారు, సమయం మించిపోతుంది. ఇంకొకరు చకచకా పెట్టి, తప్పు కనబడగానే చేయి వెనక్కి తీసుకుని ‘నాకు రాదు’ అంటారు. ఇద్దరికీ కావలసిన సాయం వేరు. మంచి రిపోర్టులో ఇలాంటి గమనింపు రాసి ఉంటుంది. లేకపోతే అడిగి రాయించుకోండి.

ఐక్యూ సగటు 100. సుమారు 68 శాతం మందికి 85–115 మధ్యే వస్తుంది. 25వ పర్సెంటైల్ అంటే 25 మార్కులు కాదు, అదే వయసు వందమందిలో పాతికమంది కంటే ముందున్నారని. ఒక్క అంకె పక్కన బ్రాకెట్లో ఉండే పరిధిని తప్పక చూడండి, 92 అని రాసినా నిజమైన సామర్థ్యం దానికి అటూఇటూ ఉండొచ్చు. మాటల తెలివి ఎక్కువగా ఉండి, పనిచేసే వేగం బాగా తక్కువగా ఉంటే మొత్తం ఐక్యూ ఆ రెండిటినీ కలిపేసి దాచేస్తుంది. అప్పుడు విడి స్కోర్లే చదవాలి. ఐక్యూ తక్కువ వచ్చినంత మాత్రాన మేధో వైకల్యం అని తేల్చరు. స్నానం, డబ్బు లెక్క, తోటివాళ్లతో మెలగడం లాంటి రోజువారీ నేర్పుల్నీ కొలవాలి.

రిపోర్టు మీద కూర్చుని మాట్లాడే సెషన్‌ని వదులుకోకండి. ‘రేపటినుంచి ఇంట్లో ఏం మార్చాలి, క్లాసులో ఏం అడగాలి?’ అని సూటిగా అడగండి. బడికి మొత్తం రిపోర్టు ఇవ్వనక్కర్లేదు, సిఫార్సులతో ఒక పేజీ సారాంశం రాసిమ్మనండి. ఇంటి విషయాలు అందులో ఉండవు. పిల్లలకీ వాళ్ల మాటల్లో చెప్పాలి: ‘నీకు కథలు బాగా అర్థమవుతాయి. రాయడానికి మాత్రం కొంచెం ఎక్కువ టైము కావాలి. ఆ టైము మేం అడుగుతాం.’