మొదటి ప్రశ్న ఐస్ క్యాండీ గురించి అడగండి

మా నాన్న మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ 1982లో ఫిలిప్పీన్స్‌కు వెళ్ళారు. మనీలాకు దక్షిణాన సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో లోస్ బాన్యోస్ అనే ఊరుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే. ఒక పక్క మకీలింగ్ కొండ, ఇంకో పక్క లగూనా సరస్సు. 1982 జూన్ నుంచి 1988 మార్చి దాకా, గ్రేడ్ వన్ నుంచి గ్రేడ్ సిక్స్ వరకు నేను అక్కడి పిల్లలతోనే చదువుకున్నాను. తర్వాత మేం హైదరాబాద్ వచ్చేశాం. ఉత్తరాలు రెండేళ్ళు నడిచి ఆగిపోయాయి.

నాలుగేళ్ళ క్రితం ఒక క్లాస్‌మేట్ నన్ను ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకుని మెసెంజర్ గ్రూపులో చేర్చింది. (వాళ్ళకు వాట్సాప్ కన్నా మెసెంజరే ఎక్కువ అలవాటు.) మొదటి నెలంతా గుడ్ మార్నింగ్‌లు, పిల్లల పెళ్ళి ఫోటోలు, దేవుడి కార్డులు. "మీకు బాగా గుర్తున్న మధుర జ్ఞాపకం ఏమిటి?" అని ఒకరు అడిగితే ఇద్దరే జవాబిచ్చారు, అదీ "అన్నీ మధురమే" అని. గ్రూపు ఆగిపోతుందేమోనని నాకు దిగులేసింది. అప్పుడు ఎవరో యథాలాపంగా అడిగారు, గేటు పక్క కొట్టులో ఐస్ క్యాండీ ఎంత ఉండేదని. ఆ రాత్రి నూటనలభై మెసేజ్‌లు వచ్చాయి. ఇరవై ఐదు సెంటావోలని (మన పైసల్లాంటివి) కొందరు, కాదు యాభై అని కొందరు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పండ్లరసమో పాలో పోసి, ముడివేసి గడ్డకట్టిస్తారే, మన దగ్గరా అలాంటివి ఉండేవి, అదే ఐస్ క్యాండీ. దాని అడుగు మూల కొరికి పీల్చాలా, ముడి దగ్గర కొరకాలా అని కూడా వాదించుకున్నారు.

చిన్ననాటి జ్ఞాపకాలు అందరి దగ్గరా రాబట్టడానికి మేం ఒక పద్ధతి పెట్టుకున్నది ఆ రాత్రి తర్వాతే. ఈమధ్య మన ఊళ్ళలో పదో తరగతి బ్యాచ్‌ల సమ్మేళనాలు బాగా జరుగుతున్నాయి. ఫ్లెక్సీలు, శాలువాలు, గ్రూప్ ఫోటో, భోజనాలు. అవి ఉండాల్సిందే, కానీ వాటిలో మాట్లాడుకోవడానికి టైమ్ దొరకదు. మా పద్ధతి మీ బ్యాచ్‌కీ పనికొస్తుందనే రాస్తున్నాను.

హాజరుపట్టీతో మొదలు

ముందు అందరి పేర్లూ రాబట్టాలి. మా హాజరుపట్టీలో మగపిల్లల పేర్లు ముందు, ఆడపిల్లల పేర్లు తర్వాత, ఇంటిపేరు అక్షరక్రమంలో ఉండేవి. అందుకని "మన క్లాసులో ఎవరెవరు ఉండేవాళ్ళు?" అని అడగకండి. "నీ తర్వాత ఎవరి పేరు పిలిచేవాళ్ళు?" అని అడగండి. ఆరేళ్ళపాటు రోజూ విన్న వరస కాబట్టి అది చెవిలో ఉండిపోతుంది. ఒక్కొక్కరు ఒక్క పేరు చెబితే గొలుసు దానంతటదే కలుస్తుంది. నలభై ఒక్క మందిలో నలభై పేర్లు మాకు ఇలాగే దొరికాయి.

పేర్లు దొరికాక మనుషుల్ని వెతకాలి. అక్కడి ఇంటిపేర్ల సంగతి కొంచెం తెలిసి ఉండాలి. 1849లో స్పానిష్ గవర్నర్ జనరల్ క్లవేరియా, కుటుంబాలు ఒక జాబితాలోంచి ఇంటిపేర్లు తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చాడు. కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కానక్కర్లేదు. పెళ్ళయిన ఆడవాళ్ళకు పుట్టింటి పేరు మధ్యలోకి వచ్చి, భర్త ఇంటిపేరు చివర చేరుతుంది. మీరు వెతకాల్సింది ఆ మధ్య పేరును. ఇక ముద్దుపేర్లు. సర్టిఫికెట్‌లో ఎంత పొడుగు పేరున్నా అందరూ పిలిచేది బేబీ, బాంగ్, జున్‌జున్ అనే. పట్టికలో రెండు పేర్లూ రాసుకోండి.

తర్వాత ఒక పెద్ద చార్ట్ మీద గ్రేడ్ సిక్స్ గది గీయండి. తలుపు, కిటికీలు, బల్ల, జెండా, ఒక్కొక్కరి సీటు. ఫోటో తీసి గ్రూపులో పెట్టి, తప్పులు దిద్దమనండి. మామూలుగా ఒక్క మాటా రాయనివాళ్ళు కూడా తమ సీటు తప్పుచోట కనిపిస్తే వెంటనే రాస్తారు.

వారానికి ఒకే ఒక్క ప్రశ్న

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వారానికి ఒక ప్రశ్న చాలు. అది వస్తువు గురించో, చేతులతో చేసిన పని గురించో, తిన్న తిండి గురించో ఉండాలి. అనుభూతుల గురించి అడగొద్దు, అవి వాటంతట అవే వస్తాయి.

మాకు బాగా పనిచేసిన ప్రశ్న "నేల ఎలా మెరిపించేవాళ్ళం?" అన్నది. అక్కడ క్లాసు ఊడ్చి తుడిచేది పిల్లలే. వారంలో ఒక్కో రోజు ఒక్కో జట్టు, వాళ్ళను క్లీనర్స్ అనేవాళ్ళు. నేలకు ఎర్ర ఫ్లోర్ వాక్స్ రాసి, సగానికి కోసిన కొబ్బరి డొక్క మీద ఒక కాలు పెట్టి, ముందుకీ వెనక్కీ తోస్తూ రుద్దేవాళ్ళం. దాన్ని బునోత్ అంటారు. ఈ ఒక్క ప్రశ్నకు వాక్స్ వాసన, తెల్ల సాక్సులకు అంటిన ఎరుపు, ఇంట్లో తిన్న తిట్లు, పోటీలు పెట్టుకుని జారిపడడం అన్నీ వచ్చాయి. రియాద్‌లో నర్సుగా పనిచేసే ఒకామె లేచి నిలబడి, కాలు ఊపుతూ వీడియో తీసి పంపింది. యాభై ఏళ్ళ మనిషి నడుము సరిగ్గా ఆ చిన్నప్పటి లయలోనే కదిలింది.

సారీ-సారీ కొట్టు గురించి అడగండి. అంటే ఇంటి ముందు గదిలో, ఇనుప జాలీ వెనక రకరకాల సరుకులు పెట్టి అమ్మే చిన్న కొట్టు. జాలీలో చెయ్యి పట్టేంత కంత. చిప్పీ చిప్స్ పొట్లం, చాక్ నట్ అనే చాక్లెట్, కూల్‌డ్రింక్. సీసా తిరిగిచ్చెయ్యాలి కాబట్టి దాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి స్ట్రా వేసి ఇచ్చేవాళ్ళు. పొద్దున్నే "తాహోఓఓ" అంటూ కావడి మోసుకొచ్చే మనిషిని అడగండి. వేడి సోయా గడ్డ పెరుగు, పైన బెల్లం పాకం, సగ్గుబియ్యం లాంటి గింజలు. ఆ కేక ఎలా ఉండేదో వాయిస్ మెసేజ్‌లో పంపమన్నాం. పదకొండు మంది పదకొండు రకాలుగా అరిచారు. అవన్నీ దాచాను.

ఆటల దగ్గర మాత్రం తొందరపడొద్దు. నియమాలు రాయించండి, తప్పకుండా గొడవ వస్తుంది, రానివ్వండి. ఎవరిది సరైనదో తేల్చకుండా రెండూ రాసుకోండి, ఎందుకంటే ఒక్కో వీధిలో ఒక్కోలా ఆడేవాళ్ళు. లంగిత్-లూపా అంటే మన నేలా-బండా. పీకో అంటే తొక్కుడుబిళ్ళ. తుంబాంగ్ ప్రేసో అంటే, ఖాళీ డబ్బాను చెప్పులతో కొట్టి పడగొట్టి, దొంగ దాన్ని తిరిగి నిలబెట్టేలోగా చెప్పు తెచ్చుకోవడం. సుంకాకూ మన వామనగుంటలకూ పోలిక చూసి మా అమ్మ అక్కడ మొదటిసారి నవ్వింది. రెండు వైపులా ఏడేసి గుంటలు ఉంటాయి, కానీ సుంకాలో రెండు చివర్లా పెద్ద గుంటలు అదనం. గుంటకు ఏడు చొప్పున తొంభై ఎనిమిది గవ్వలు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, వంతులు తర్వాత.

జట్టులోకి తీసుకుని, అవుటైనా లెక్కలోకి రాని చిన్నపిల్లల్ని వాళ్ళు సాలింగ్-పూసా అంటారు. పూసా అంటే పిల్లి. మన "ఆటలో అరటిపండు" అన్నమాట. ఆ మాట విప్పి చెబితే గ్రూపంతా ఇప్పుడు నన్ను అడిగి మరీ "అరటిపండు" అని పలుకుతున్నారు.

తారీఖులు, తగాదాలు

ఏది ఏ ఏడు జరిగిందో గుర్తులేకపోతే దేశంలో జరిగిన పెద్ద సంఘటనలకు ముడిపెట్టండి. 1983 ఆగస్టు 21న ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అక్వినోను మనీలా విమానాశ్రయంలో కాల్చి చంపారు, అప్పుడు మేం గ్రేడ్ టూ. 1986 ఫిబ్రవరి 22 నుంచి 25 వరకు ఎడ్సా రోడ్డు మీదికి జనం వచ్చి అధ్యక్షుడు మార్కోస్ గద్దె దిగిపోయినప్పుడు గ్రేడ్ ఫోర్. నేను వచ్చేశాక వాళ్ళకు 1990 జూలై 16 భూకంపం, 1991 జూన్‌లో పినతూబో అగ్నిపర్వతం బూడిద. "అది ఎడ్సాకు ముందా, తర్వాతా?" అంటే చాలు, చాలావరకు తేలిపోతుంది.

కానీ జాగ్రత్త. ఎడ్సా గురించి ఇళ్ళలో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. ఎవరు మంచివాళ్ళని అడిగితే గ్రూపు చీలిపోతుంది. ఆ నాలుగు రోజులూ నువ్వు ఎక్కడున్నావు, ఇంట్లో రేడియో ఎవరి చేతిలో ఉంది, ఏం తిన్నారు అని అడగండి. మా గ్రూపులో రెండు పక్షాలవాళ్ళూ అదే వారం ఎక్కువ రాశారు.

నొప్పించిన జ్ఞాపకాలను గ్రూపులో పెట్టకండి, ముందు ఆ మనిషితో విడిగా మాట్లాడండి. అక్కడ భారతీయుల్ని బుంబాయ్ అంటారు. ఊరూరా తిరిగి వడ్డీకి అప్పులిచ్చే మనవాళ్ళు ఉండేవాళ్ళు, ఐదు ఇస్తే ఆరు కట్టాలి. అల్లరి చేస్తే బుంబాయ్ గోనెసంచిలో వేసుకుపోతాడని పిల్లల్ని బెదిరించేవాళ్ళు. గ్రేడ్ వన్‌లో మొదటి రెండు వారాలు నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆ సంగతి ఒక క్లాస్‌మేట్‌కు రాశాను. ఆమె రాత్రి వాయిస్ మెసేజ్ పంపింది. నా స్కూల్ బ్యాగు పెద్దదిగా ఉంటే ఆ సంచి అదేనేమోనని నిజంగా భయపడిందట. ఏడుస్తూ క్షమించమంది. నేనూ ఏడ్చాను. ఆమె సరేనన్నాకే గ్రూపులో చెప్పాం. తర్వాత మరో నలుగురు తమ సంగతులు చెప్పారు. ఇంగ్లీష్ పీరియడ్‌లో తమ భాష తగలోగ్ మాట్లాడినందుకు కట్టిన సెంటావోల జరిమానా, ఆ డబ్బులేక రిసెస్‌లో పస్తున్న రోజు.

మీ ఇల్లు వాళ్ళకు ఎలా గుర్తుందో అడగండి

ఇది ఆలస్యంగా తెలుసుకున్నాను. మన చిన్నతనం కొంత మన దగ్గర లేదు, పక్కవాళ్ళ దగ్గర ఉంది. "మా ఇంట్లో నీకేం గుర్తుంది?" అని అడిగాను. మా వంటింట్లోంచి ఇంగువ పోపు వాసన వస్తే ముగ్గురు గేటు దగ్గరే ఆగిపోయేవాళ్ళట. మా అమ్మ పెట్టిన పులిహోరను వాళ్ళు "పచ్చ అన్నం" అనుకునేవాళ్ళట. అక్టోబరులో ఐక్యరాజ్యసమితి దినం వస్తే పిల్లలంతా ఒక్కో దేశం వేషం వేసుకోవాలి. ఒక ఏడాది ఆరుగురు అమ్మాయిలు ఇండియానే కోరుకున్నారు. అమ్మ ఆరు చీరలు సగానికి మడతపెట్టి, పిన్నులు పెట్టి, తెల్లవారుజామున అందరికీ కట్టింది. నాకు ఆ రోజు లీలగా గుర్తు. వాళ్ళలో ఒకామె, తనకు కట్టింది ఆకుపచ్చ చీర అనీ, అంచు మీద మామిడి పిందెలనీ, కుచ్చిళ్ళు పోస్తూ అమ్మ ఏదో పాట కూనిరాగం తీసిందనీ చెప్పింది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ చీర ఇంకా నా బీరువాలో ఉంది. దాని వెనక అంత కథ ఉందని నాకు తెలియదు.

వీడియో కాల్ నెలకొకటి చాలు. మేం శనివారం పెట్టుకుంటాం. మనీలాలో రాత్రి 9 అయితే మనకు సాయంత్రం 6:30, రియాద్‌లో 4, కాలిఫోర్నియాలో తెల్లవారుజాము. రికార్డు చేసే ముందు అందరినీ అడగండి. రాసేటప్పుడు వాళ్ళ మాటల్ని బాగుచేయకండి, తగలోగ్, ఇంగ్లీష్ కలిసిపోయి ఉంటే అలాగే ఉండనివ్వండి.

టీచర్లు బతికి ఉంటే ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, ఇది వాయిదా వేయొద్దు. పోయిన ఏడాది నేను లోస్ బాన్యోస్ వెళ్ళినప్పుడు, లేతకొబ్బరితో చేసే బుకో పై డబ్బా పట్టుకుని మా గ్రేడ్ త్రీ టీచర్ ఇంటికి వెళ్ళాను. ఎనభై ఆరేళ్ళు. "మానో పో" అని ఆమె చెయ్యి తీసుకుని నా నుదుటికి ఆనించుకున్నాను. మన "అండీ" లాంటిదే వాళ్ళ "పో". సీట్ల చార్ట్ చూపించాను. వేలితో ఒక్కో సీటూ తడుముతూ పేర్లు చదివి, కిటికీ పక్క మూడో వరసలో ఖాళీ గడి దగ్గర ఆగింది. గ్రూపులో ఎవరికీ గుర్తురాని ఆ నలభై ఒకటో పేరు ఆమెకూ రాలేదు. "వాన వస్తే ఆ పిల్ల తన బూట్లు విప్పి బ్యాగులో పెట్టుకునేది," అంది.

ఆ గడిలో పేరుకు బదులు ఇప్పుడు ఆ వాక్యం రాసి ఉంది. దాని కింద మరొకరు రాశారు, ఐస్ క్యాండీ ముడి దగ్గర కొరికేది ఆ అమ్మాయేనని. ఈ శనివారం ప్రశ్న: వానకు తడిసిన బూట్లు ఎక్కడ ఆరబెట్టేవాళ్ళం, పక్కన ఎవరి బూట్లు ఉండేవి?