మిర్గం రాకముందే పిల్లలున్న ఇంట్లో చూసుకోవాల్సినవి

మిర్గం (మృగశిర కార్తె) వచ్చి రెండు వానలు పడ్డాయంటే మా నల్లగొండ పల్లెల్లో ఒకింట్లో పిల్లకు దస్తులు (విరేచనాలు), పక్కింట్లో జ్వరం. దేవరకొండ అవతలి తండాల నుంచి రాత్రిపూట జిల్లా కేంద్రానికి చేరడం మాటలు కాదు. ఎప్పుడు కదలాలో ముందే తెలిసుండాలి.

దస్తులకు ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింక్ గోళీలు, జ్వరం చూసేందుకు థర్మామీటర్ ఇప్పుడే తెచ్చుకోండి. ఆశా అక్కను అడిగితే మొదటి రెండూ ఊరికే ఇస్తారు. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం మొత్తం లీటరు మంచినీళ్లలో ఒకేసారి కలపాలి. నేనూ మొదట్లో గ్లాసుకు చెంచాడని అందాజుగా కలిపినదాన్నే. ఉప్పు ఎక్కువైతే పిల్లకే ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, మళ్లీ చెంచాతో మెల్లగా. తల్లిపాలు, అన్నం ఆపొద్దు. దస్తులు ఆగినా జింక్ మాత్రం 14 రోజులు వేయాల్సిందే. షాపుల్లో పండ్ల రుచితో అమ్మే తీపి డబ్బాలు దీనికి పనికిరావు. వాటి మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది.

ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, కళ్లు లోపలికి పోయినా, దస్తుల్లో రక్తం పడినా తెల్లారేదాకా ఆగొద్దు.

జ్వరంలో అంకె కన్నా పిల్ల తీరు చూడాలి. మూడు నెలల లోపు బిడ్డకు మాత్రం 100.4 ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికే. డెంగీలో అసలు మెలిక జ్వరం తగ్గాకే: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, పిల్ల వాలిపోవడం. పారాసిటమాల్ బరువును బట్టి వేయండి, డాక్టర్ చెప్పకుండా ఇంకో జ్వరం మందు వద్దు.

దమ్ము (ఆయాసం) అనిపిస్తే చొక్కా ఎత్తి, ఫోన్‌లో నిమిషం పెట్టి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఆపై ఐదేళ్ల లోపు 40 చేరినా, డొక్కలెగరేసినా ఆస్పత్రికే.

మా చిన్నోడికి ఫిట్స్ వస్తే అత్తమ్మ తాళాల గుత్తి చేతిలో పెట్టమన్నది. పెట్టాం, ఏం లాభం లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఐదు నిమిషాలు దాటితే 108.

బండి వచ్చేదాకా, దారిలో కూడా, దస్తుల పిల్లకు చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండండి. మత్తుగా ఉంటే మాత్రం నోట్లో చుక్క కూడా పోయొద్దు.