కూరగాయల గంప పక్కన సొంత క్యూఆర్ పెట్టుకోవడం ఎలా?

మొన్న మెహదీపట్నం రైతుబజార్‌లో చేవెళ్ల వైపు నుంచి వచ్చిన ఒక అక్క దగ్గర కొత్తిమీర కొని ఇరవై రూపాయలు ఫోన్‌లో కొట్టాను. స్క్రీన్ మీద మగపేరు వచ్చింది. "మా పిల్లగానిది సారూ, పైసలు ఆని ఖాతాలనే పడ్తయి" అంది. పొద్దంతా అమ్మింది ఆమె, సాయంత్రం ఆటో కిరాయికి కొడుకును అడగాల్సిందీ ఆమే. ఆడవాళ్లకు బస్సు ఫ్రీయే గానీ గంపలకు ఆటో కావాలిగా!

అందుకే ముందు తేల్చుకోవాల్సింది క్యూఆర్ ఎవరి పేరు మీద అన్నది. అమ్మేవాళ్ల సొంత ఖాతా ఉండాలి, దానికి లింకైన నంబరు సిమ్ వాళ్ల ఫోన్‌లోనే ఉండాలి. పల్లెల్లో పని ఆగేది ఎక్కువగా ఇక్కడే: ఖాతా తెరిచినప్పటి సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది. ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకు వెళ్లి కొత్త నంబరు ఎక్కించుకోండి.

తర్వాతిది పావుగంట పని. ఫోన్‌పే, పేటీఎం, భారత్‌పే వంటి వాటి బిజినెస్ యాప్‌లో ఖాతా కలిపితే క్యూఆర్ వస్తుంది. అతికించే ముందు పక్క కొట్టువాళ్లతో ఒక్క రూపాయి వేయించి, పేరు మీదేనా, డబ్బు మీ ఖాతాలోనే పడిందా చూసుకోండి. కమిషన్ పోతుందని టెన్షన్ వద్దు. కొనేవాళ్ల బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వచ్చే యూపీఐ డబ్బుకు 2020 జనవరి నుంచి ఎండీఆర్ (అమ్మేవాళ్ల నుంచి పట్టుకునే కమిషన్) లేదు.

డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్స్ కావాలా? బేరం మధ్యలో ఫోన్ తీసి మెసేజ్ చూసే తీరిక ఉండదు కాబట్టి రద్దీ ఉన్నచోట కావాలనే అంటాను. నెల అద్దె ఎంతో, వద్దనుకుంటే ఎలా ఆపాలో మాత్రం ముందే అడగండి. రోజుకు పది బేరాలే అయితే ఎస్ఎంఎస్ చాలు.

కొనేవాళ్లు చూపించే పచ్చ టిక్కును నమ్మొద్దు, అలాంటి స్క్రీన్ చూపించే దొంగ యాప్‌లున్నాయి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా కొట్టమంటే ఫోన్ పెట్టేయండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

రోజూ గంప దించగానే స్టిక్కర్ అంచు గోటితో గీకి చూడండి, రాత్రికి రాత్రి మీ క్యూఆర్ మీద ఇంకొకరిది అతికించి పోయేవాళ్లూ ఉన్నారు.